ఇప్పటిదాకా గారు

మా బావకి ‘ఇవాళ’ అనే మాట గిట్టదు.

"ఇవాళ ఎండ మండిపోతోంది కదండీ" అని ఎవరైనా మర్యాదకి పలకరిస్తే చాలు, నడిచేవాడల్లా ఆగిపోయి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇప్పటిదాకా చూసుకుంటే ఈ ఏడాది ఎండలు తక్కువేనండీ" అంటాడు. పలకరించిన మనిషి నవ్వాలో, గొడుగు ముడవాలో తెలియక నడివీధిలో నిలబడిపోతాడు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "ఒంట్లో ఎలా ఉంది?" అని ఆయన అడిగాడు. "ఇప్పటిదాకా కులాసానేనండీ" అన్నాడు మా బావ. డాక్టరు సంతోషించి పంపించేశాడు. మర్నాడు మా అక్క వెంట వెళ్ళి మందులు రాయించుకు రావాల్సి వచ్చింది.

ఆఫీసులో ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా బతికిలేదు. ప్యూను దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ ఆయన ‘ఇప్పటిదాకా గారు’. నేనాయనకి ఒక్కగానొక్క బావమరిదిని. ఇంట్లో అక్క మొగుడిగానూ, ఆఫీసులో తోటి ఉద్యోగిగానూ రెండు పూటలా భరించినవాణ్ణి. ఆయన గురించి చెప్పే హక్కు నాకంటే ఎవరికుంటుంది?

మా కంపెనీ రోడ్ల మీద గీతలు గీస్తుంది. నవ్వకండి, అది కూడా ఒక పనే. మధ్య గీత, అంచు గీత, జనం దాటేచోట అడ్డపట్టీలు, మలుపుల దగ్గర బాణాలు... ఇవన్నీ వాటంతట అవి మొలవవు కదా. నేను స్టోర్సులో రంగు డబ్బాలూ, తడి రంగు మీద చల్లే గాజుపూసల బస్తాలూ చూసుకుంటాను. మా బావది రిపోర్టుల విభాగం. ఆ విభాగంలో ఉన్నది ఆయనా, ఆయన కంప్యూటరూ, ఎవరో వదిలేసి వెళ్ళిన ఒక మనీప్లాంటూ. జట్లవాళ్ళు రోడ్డు మీద గీతలు గీస్తారు, మా బావ ఆ గీతల మీద గీత గీస్తాడు.

మాకు నాలుగు జట్లు. ఏ జట్టు ఎంత పొడుగు గీసిందో సాయంత్రానికి ఆ జట్టు మేస్త్రి ఫోన్లోంచి పంపిస్తాడు. ఆ లెక్కలన్నీ మా బావ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. వేరే ఎవరైనా అయితే చార్టులో రోజుకొక కడ్డీ నిలబెట్టి ఊరుకుంటారు. పొడుగు కడ్డీ అయితే బాగా చేసినట్టు, పొట్టి కడ్డీ అయితే బద్ధకించినట్టు. మా బావ అలా కాదు. మొదటి రోజు నుంచీ కూడుకుంటూ పోతాడు. నిన్నటి మొత్తం మీద ఈరోజుది పెడతాడు, దాని మీద మర్నాటిది. గీత పైకి పాకుతూ ఉంటుంది.

"ఇందులో అంత బ్రహ్మవిద్య ఏముంది బావా?" అని అడిగాను ఒకసారి, ఆయన ఒకే ఫార్ములా ముందు మధ్యాహ్నమంతా కూర్చోవడం చూసి.

"ఏం లేదురా. ప్రతి తేదీకీ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కటే అడుగుతాను. ఈ తేదీనీ, దీనికి ముందున్న తేదీలన్నిటినీ కలిపితే ఎంత? అంతే. ఏ రోజూ ఒంటరిగా రాకూడదు. తన వెనకాల వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని రావాలి."

"పెళ్ళికొచ్చినట్టా?"

"అలాగే అనుకో. ఒంటరిగా వచ్చి నిలబడ్డ రోజుని చూసి మనం ఏం చెప్పగలం? వాన పడుండచ్చు. బండి టైరు పేలుండచ్చు. బంధుబలగాన్ని చూస్తేనే కదరా సంగతి తెలిసేది!"

మొదటిసారి ఆయన తయారుచేసిన చార్టు కంపెనీని ఓ గంటసేపు గడగడలాడించింది. సాఫ్ట్‌వేర్‌లో తేదీల పట్టిక ఏడాది చివరిదాకా ఉంది. లెక్కలు మాత్రం ఆ వారం దాకానే ఉన్నాయి. గీత ఆ వారం దాకా చక్కగా ఎక్కి, అక్కణ్ణుంచి ఏడాది చివరి దాకా స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా పోయింది. యజమాని చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏమిటయ్యా ఇది? రేపట్నుంచి మనవాళ్ళు పని మానేస్తున్నారా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. రాని రోజులకి లెక్కలు లేవు కదా. ఉన్న మొత్తాన్నే చివరిదాకా మోసుకుపోతోంది, పాపం."

అప్పటికే యజమాని నలుగురు మేస్త్రీలకీ ఫోన్లు చేసి, మీకేం తక్కువైందో చెప్పండని బతిమాలుకున్నాడు. మేస్త్రీలు కూడా అదను చూసి కొత్త బూట్లు అడిగేశారు. బూట్లు వచ్చాయి. చార్టు కూడా బాగుపడింది. లెక్క ఆగినచోట గీత ఆగేలా ఫార్ములా మార్చాడు మా బావ. అప్పట్నుంచీ "రాని రోజు మీద గీత గీయకూడదు" అనేది ఆయన రెండో మంత్రం అయింది.

"సెలవులకి ఎక్కడికైనా వెళ్దామండీ అంటే ఇదే మాట అంటారు" అని మా అక్క వాపోయేది. "సెలవులు వచ్చాక టిక్కెట్లు ఎవడిస్తాడురా తమ్ముడూ?"

అక్క కష్టాలు చెప్పాలంటే ఒక పూట చాలదు. ఒకనాడు వాళ్ళింట్లో ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. బంగాళాదుంప కూర. అక్క ఏ ఆలోచనలో ఉందో, ఉప్పు రెండుసార్లు పడింది. మొదటి ముద్దకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏవండీ, కూర ఎలా ఉంది?"

"ఇప్పటిదాకా చూసుకుంటే నీ వంటకి తిరుగులేదు."

"నేనడిగింది ఇవాళ్టి కూర."

"ఒక్క కూరని విడిగా పట్టుకుని మాట్లాడటం న్యాయం కాదు."

"అంటే బాలేదన్నమాట!"

"నేనలా అన్నానా?"

అక్క ఓ ముక్క నోట్లో వేసుకుంది. వేసుకున్న చెయ్యి అలాగే నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదెలా తింటున్నారండీ!" అని కంచం లాక్కోబోయింది. లాక్కోవడానికి అందులో కూర లేదు. మా బావ అప్పటికే తుడుచుకు తినేసి మంచినీళ్ళ చెంబు ఎత్తాడు. ఆ సాయంత్రమంతా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

పెళ్ళిరోజు మర్చిపోయినప్పుడు మాత్రం అక్క వదల్లేదు. "ఇప్పటిదాకా మీరు మర్చిపోయినవన్నీ కలిపి ఓ గీత గీసి చూపించండి, ఎంత ఎత్తుకెళ్తుందో నేనూ చూస్తాను" అంది. కోపంలో అన్న మాట. ఇంకొకరైతే పూలు కొనుక్కొచ్చేవారు. మా బావ నిజంగానే కూర్చుని, బుద్ధిగా గుర్తు తెచ్చుకుని, మర్చిపోయిన పుట్టినరోజులూ, పెళ్ళిరోజులూ, తెమ్మన్న మందులూ, కట్టమన్న కరెంటు బిల్లులూ అన్నీ ఎక్కించి, రంగుల్లో అచ్చు తీసి తెచ్చి ఇచ్చాడు.

"చూడు. మొదట్లో ఎంత నిటారుగా ఎక్కిందో! ఈమధ్య వాలు తగ్గింది. నేను మెరుగవుతున్నాను."

అక్క ఆ కాగితాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "ఈ మనిషితో పోట్లాడటానికి కూడా లేదురా" అంది నాతో. కానీ ఆ మాట అంటున్నప్పుడు నవ్వుతోంది.

ఎదురింటి దర్జీగారిది ఇంకో కథ. ఆయనకి పొట్ట తగ్గాలని కోరిక. నాకూ ఓ చార్టు వేసిపెట్టండి, చూసుకుంటూ తగ్గుతాను అని అడిగాడు. బరువు చార్టు అయితే ఓరోజు పైకీ, ఓరోజు కిందకీ గెంతుతుందని మా బావ నడిచిన దూరం కూడుకుంటూ గీశాడు. దర్జీగారు పొద్దున్నే నడవటం, ఆ గీత ఎక్కడం చూసి మురిసిపోవటం, ఆ మురిపెంలో దారిలో ఉన్న మిఠాయి కొట్లో దూరటం. కొన్నాళ్ళకి ఆయన తన చొక్కాలే తను వదులు చేసుకోవాల్సి వచ్చింది.

"గీత పెరుగుతోంది, నేనూ పెరుగుతున్నాను. ఇదేం లెక్కండీ?" అని నిలదీశాడు.

"నడక మానలేదు కదా?"

"మానలేదు."

"అయితే ఇప్పటిదాకా బాగానే ఉన్నట్టు" అన్నాడు మా బావ. చిత్రమేమిటంటే దర్జీగారు ఆ మాటకి శాంతించాడు. ఇప్పటికీ నడుస్తున్నాడు.

ఇలా నవ్వులాటగా సాగిపోతున్న రోజుల్లో మాకు కొత్త మేనేజరమ్మ వచ్చింది. చురుకైన మనిషి. ఎవరి మీదా అరవదు, కానీ ఎవరి సాకూ వినదు. వచ్చిన వారంలోనే మా బావని పిలిచింది. రంగు నిల్వల కాగితాలతో నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"ఈ గీతలు అందంగానే ఉన్నాయండీ. కానీ అన్నీ పైకే పోతున్నాయి. మొత్తం చూపిస్తుంటే ఈ వారం ఎవరు వెనకబడ్డారో నాకెలా తెలుస్తుంది? వారం వారం కడ్డీలు కావాలి. జట్టుకొకటి. భోజనాల హాల్లో తెర మీద పెడదాం, అందరూ చూసుకుంటారు."

నిజం చెప్పాలంటే ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మా బావ తలూపి వెళ్ళాడు. రెండ్రోజుల తర్వాత చార్టు తెచ్చాడు. మేనేజరమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఇవేంటండీ, మెట్లలా ఉన్నాయి?"

"వారం వారం అడిగారుగా మేడమ్. ఒక్కో మెట్టూ ఒక్కో వారం."

"నాకు కడ్డీలన్నీ నేల మీంచి మొదలవ్వాలి. ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కకూడదు."

"కింది మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కడ నిలబడుతుంది మేడమ్?"

మేనేజరమ్మ నా వైపు చూసింది. నేను రంగు డబ్బాలు లెక్కపెట్టుకుంటున్నట్టు కాగితంలో తల దూర్చాను. చివరికి ఆవిడ మాటే నెగ్గింది. సోమవారం నాటికి భోజనాల హాల్లో పెద్ద తెర వచ్చింది. దాని మీద నాలుగు కడ్డీలు నేల మీంచి లేచి నిలబడ్డాయి. మా బావ తెరకి వీపు పెట్టి కూర్చుని తినడం మొదలెట్టాడు.

ఆ తెర మీద మూడో జట్టు కడ్డీ పొట్టిది. వారం మారినా పొట్టిగానే ఉంది.

మూడో జట్టు మేస్త్రిని అందరూ తాడు మేస్త్రి అంటారు. రంగు వేసే ముందు సుద్ద పూసిన తాడు బిగించి, చటుక్కున ఎత్తి వదిలితే రోడ్డు మీద సన్నటి గుర్తు పడుతుంది. దాని వెంబడే రంగు బండి నడుస్తుంది. ఆ తాడు బిగించడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన గీత మీద గోలీ దొర్లిస్తే అంచు దాటకుండా రోడ్డు చివరిదాకా పోయి, మలుపు దగ్గర మనకోసం ఆగుతుందని చెప్పుకునేవారు. అలాంటి మనిషి కడ్డీ పొట్టిదైపోయేసరికి హాల్లో వేళాకోళాలు మొదలయ్యాయి.

"మూడో జట్టు రంగు వేసి, ఆరేదాకా విసనకర్రతో విసురుతున్నారేమోరా!"

తాడు మేస్త్రి తల వంచుకుని తిని లేచిపోయేవాడు.

శుక్రవారం నాడు మేనేజరమ్మ మా బావని మళ్ళీ పిలిచింది. మూడో జట్టుని ఓ కుర్ర మేస్త్రికి అప్పజెప్పి, ఈయన్ని గోదాము కాపలాకి పంపుదామని ఆవిడ ఆలోచన. దానికి రిపోర్టు కావాలి.

"ఇంకొన్నాళ్ళు ఆగండి మేడమ్" అన్నాడు మా బావ.

"ఎందుకు?"

"ఆయన గీత వంగింది."

"అదే కదండీ నేనూ అంటున్నది!"

"అది కాదు మేడమ్. బద్ధకస్తుడి గీత మొదట్నుంచీ పడుకునే ఉంటుంది. ఈయనది ఇన్నేళ్లూ నిటారుగా ఎక్కింది. వానల్లో కూడా మిగతావాళ్ళకంటే ముందే లేచింది. అలాంటి గీత ఊరికే వంగదు. వంగిందంటే పనికి కాదు, మనిషికి ఏదో అయినట్టు."

"ఏమైంది?"

మా బావ "ఇప్పటిదాకా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ మాట మొదలుపెట్టి పూర్తిచేయకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"వారం రోజులు ఇస్తున్నాను" అంది మేనేజరమ్మ. "తర్వాత నన్ను ఆగమనకండి."

ఆ వారం మా బావ వింతగా తయారయ్యాడు. పొద్దున్న ఆఫీసుకొస్తాడు, కాఫీ తాగుతాడు, కంప్యూటరు వెలిగిస్తాడు, మాయమవుతాడు. కుర్చీకి కోటు తగిలించి ఉంటుంది. సాయంత్రం ఎండకి కమిలిన ముఖంతో వస్తాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ బూట్ల నిండా తెల్ల రంగురా. ప్యాంటు మోకాళ్ళు అరిగిపోయాయి. జుట్టు దులిపితే సుద్దపొడి రాలుతోంది. అడిగితే ‘ఇప్పటిదాకా శుభ్రంగానే ఉన్నాను కదా’ అంటున్నారు. ఈ వయసులో బళ్ళో గానీ చేరారంటావా?"

గురువారం మధ్యాహ్నం మేనేజరమ్మ స్టోర్సుకి వచ్చింది.

"మీ బావగారు ఎక్కడ?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు మేడమ్."

"మీరు కూడా మొదలెట్టారా!"

నిజానికి అది మామూలు మాటే. కానీ మా ఇంటి సంబంధం మూలాన ఆ మాట అనే హక్కు నాకు పోయింది. ఆవిడ అప్పుడే బయల్దేరుతున్న మా వ్యానుని ఆపి ముందు సీట్లో ఎక్కింది. మూడో జట్టుకి పంపాల్సిన గాజుపూసల బస్తాలు అందులో ఉన్నాయి. నేనూ ఎక్కక తప్పలేదు.

వాళ్ళు రోడ్డుకి ఒక పక్క అడ్డం పెట్టి పని చేస్తున్నారు. దూరంగా ఓ మనిషి ఆఫీసు చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద వంగి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "కుడికి... ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు చాలు, వదలండి మేస్త్రీ!" అని అరుస్తున్నాడు. ఆ అరిచేది మా బావ. తాడు రెండో కొస దగ్గర మేస్త్రి. ఆయన తాడు ఎత్తి వదిలాడు. సుద్ద గుర్తు పడింది. రంగు బండి కదిలింది.

మేనేజరమ్మ వ్యాను దిగి నేరుగా వెళ్ళి మేస్త్రికి ఎదురుగా నిలబడింది. నెత్తిన ఎర్రటి హెల్మెటు. ఊరంతటికీ కనబడుతుంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

తాడు మేస్త్రి ఆవిడ ముఖంలోకి చూడలేదు. గొంతు వచ్చిన వైపు తల కొద్దిగా వాల్చి, "ఎవరండీ?" అన్నాడు.

"ఎవరేంటి, నేనే..." అని ఆవిడ ఆగిపోయింది. మేస్త్రి కాలి బొటనవేలు తాడు ఎక్కడుందో తడుముకుంటోంది.

ఈలోగా మా బావ పరుగెత్తుకొచ్చాడు. "నాణ్యత తనిఖీ మేడమ్! మామూలు తనిఖీ! లెక్కలు సరిగ్గా వస్తున్నాయో లేదో..."

"మీ కుర్చీ ఆఫీసులో ఉందండీ. పనివేళల్లో ఇక్కడ తాడు పట్టుకోమని ఎవరు చెప్పారు? రేపు నాకు సంజాయిషీ రాసివ్వండి."

"అలాగే మేడమ్" అన్నాడు మా బావ వెంటనే. ఎంత పొడుగు కావాలంటే అంత రాసిచ్చేట్టున్నాడు.

"ఆయన్ని ఏమీ అనకండి మేడమ్" అన్నాడు తాడు మేస్త్రి. "తప్పంతా నాది. కళ్ళ ముందు మంచు కమ్మినట్టుంటోంది. ఎండ పడితే మరీనూ. గీత వంకరపోతే చెరిపి మళ్ళీ వేస్తున్నాం. చెరిపి వేసింది లెక్కలోకి రాదు కదా, అందుకే మా కడ్డీ పొట్టిగా ఉంది. మా కుర్రాళ్ళ తప్పేమీ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గీతలు గీసేవాడికి చూపు తగ్గిందంటే ఎవరుంచుకుంటారమ్మా?" మేడమ్ కాస్తా అమ్మ అయింది. "ఈయన వచ్చిన మొదటిరోజే కనిపెట్టేశారు. చెప్పెయ్యండి మేస్త్రీ, చెప్పెయ్యండి అని రోజూ పోరుతూనే ఉన్నారు. ఎవరితోనూ అననని నేనే ఒట్టు వేయించుకున్నాను. అప్పట్నుంచీ వచ్చి గీతకి చూపు ఆయన పెడుతున్నారు."

మేనేజరమ్మ హెల్మెటు తీసి చేత్తో పట్టుకుంది. రంగు బండి ఆగింది.

"డాక్టరుకి ఎప్పుడు చూపిస్తారు?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఈ రోడ్డు పూర్తయ్యాక..." అని నసిగాడు మేస్త్రి.

"ఇవాళ" అన్నాడు మా బావ.

నేను పొరపాటు విన్నాననుకున్నాను. జట్టులో కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బండి నడిపేవాడు కిందకి దిగొచ్చాడు.

"ఏమన్నారు?" అంది మేనేజరమ్మ.

"ఇవాళే. ఇప్పుడే. వ్యాను ఎలాగూ ఉంది" అని మేస్త్రి చేతిలోంచి తాడు తీసుకుని చుట్టడం మొదలుపెట్టాడు. బస్తాలు దింపి, మేస్త్రిని మధ్యలో కూర్చోబెట్టుకుని, నలుగురం కంటి ఆస్పత్రికి వెళ్ళాం. రోడ్డు మీద ఉన్న సుద్దంతా మా వ్యాను సీట్లకి అంటింది.

శుక్లాలు అన్నాడు డాక్టరు. రెండు కళ్ళకీ. తీసేస్తే మళ్ళీ మామూలుగా కనిపిస్తుంది, ఇన్నాళ్ళు ఎందుకు దాచుకున్నారు అని మందలించాడు. మేస్త్రి బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, ఎవరికీ కనిపించకుండా ముఖం తుడుచుకున్నాడు. అందరికీ కనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు బావని అడిగాను. "జన్మలో మొదటిసారి ఇవాళ అన్నావు కదా బావా?"

"మనిషిని తూచేటప్పుడు ఇప్పటిదాకా చూడాలిరా. ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు అలా చూస్తూ కూర్చుంటే ఎలా?" అన్నాడు, ఇందులో తెలియకపోవడానికేముంది అన్నట్టు.

ఆ సంగతి హాల్లో తెలిశాక మరికొన్ని బయటపడ్డాయి. రెండో జట్టులో బండి నడిపే అతని భార్య మంచం పట్టినప్పుడు ఆ జట్టు గీత వంగిందట. మా బావ వాళ్ళింటికి వెళ్ళి చాలాసేపు కూర్చుని, పనికిమాలిన కబుర్లన్నీ చెప్పి, వంట చేసిపెట్టడానికి మా అక్కని పంపాడట. "మేం తనిఖీకొచ్చారనుకున్నాం" అన్నాడతను. నాలుగో జట్టు మేస్త్రి, "మా ఇంటిక్కూడా వచ్చారు, మా అబ్బాయి ఇంట్లోంచి వెళ్ళిపోయినప్పుడు. లెక్కలు తేడా వచ్చాయనే వంకతో వచ్చి, లెక్కల ఊసే ఎత్తలేదు" అన్నాడు. నేను మాత్రం ఆయన కంప్యూటరు ముందు అంతంతసేపు కూర్చునేది గీత అందం చూసుకోవడానికని అనుకునేవాణ్ణి. వంపుల కోసం వెతుకుతాడని తెలియలేదు.

మేనేజరమ్మ కడ్డీలు తీసెయ్యలేదు. ఆవిడ ఆవిడే. కానీ తెర మీద కడ్డీల పైన మా బావ గీతలకీ చోటిచ్చింది. చెరిపి మళ్ళీ వేసిన పనిని కూడా లెక్కలోకి తెచ్చింది. సంజాయిషీ అడగడం మర్చిపోయినట్టు నటించింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"ఇకమీద గీత వంగితే ముందు నాకు చెప్పండి. ఒట్టు వేసే ముందు!"

మేస్త్రి సెలవులో ఉన్నన్నాళ్ళూ మూడో జట్టుని ఆయన కింద పనిచేసే పెద్ద కుర్రాడు నడిపాడు. మా బావ అప్పుడప్పుడూ వెళ్ళి తాడు పట్టేవాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఇన్నేళ్ళు గీతల లెక్కలు చూశాను కదా, ఒక్కటంటే ఒక్క గీత నా చేత్తో వేస్తాను అని కుర్రాళ్ళని బతిమాలాడు. వాళ్ళు మొహమాటపడి రంగు బండి చేతికిచ్చారు. పోస్టాఫీసు వీధిలో ఆ గీత బయల్దేరడం బాగానే బయల్దేరింది. మధ్యలో ఆయనకి తుమ్మొచ్చింది. ఆ తుమ్ము రోడ్డు మీద కనిపించేంత స్పష్టంగా పడింది. సరిచేద్దామని ఎడమకి తిప్పితే అటు ఒక మెలిక, కంగారులో కుడికి లాగితే ఇటు ఒక మెలిక. పైన గాజుపూసలు చల్లేశారేమో, రాత్రిపూట మరీ ధగధగలాడుతూ మెరిసేది.

మేస్త్రి నల్ల కళ్ళద్దాలతో పనిలోకి వచ్చిన రోజు మేమందరం వెళ్ళాం. మేనేజరమ్మ కూడా వచ్చింది. మా అక్క కూడా వచ్చింది, చేతిసంచిలో బావ పాత బూట్లతో. మేస్త్రి రోడ్డు పొడుగునా నడుచుకుంటూ, ఇటుకల రంగు నుంచి ఆకుల ఈనెల దాకా అన్నిటినీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు చూసుకుంటూ వచ్చి, పోస్టాఫీసు ముందు టక్కున ఆగాడు. అద్దాలు కొంచెం కిందకి దించాడు.

"ఇదెవరి పనిరా?"

కుర్రాళ్ళు ఆకాశంలోకి చూశారు. మేనేజరమ్మ పక్కకి తిరిగి దగ్గింది. ఆ దగ్గులో నవ్వు వినిపించింది. మా బావ ఒక అడుగు ముందుకేసి చెయ్యెత్తాడు.

మేస్త్రి వ్యానులోంచి నల్ల రంగు డబ్బా, వెడల్పాటి బ్రష్షూ తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. తను వెళ్ళి తాడుకి సుద్ద పూసుకుంటూ కూర్చున్నాడు. మా బావ బూట్లు మార్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, తన మెలికల్ని ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు.

వెనకాల బళ్ళు ఆగాయి. హారన్లు మోగాయి. ముందున్న కారులోంచి ఒకాయన తల బయటపెట్టి, "ఏమైందండీ, రోడ్డెందుకు ఆపారు?" అని కేకేశాడు.

తాడు మేస్త్రి లేచి, సుద్ద చేతులు దులుపుకుని, కారు దగ్గరికి వెళ్ళి ఎంతో మర్యాదగా చెప్పాడు.

"కాస్త ఓపిక పట్టండి బాబూ. మా ఆఫీసు సారు గీతలు దిద్దుకుంటున్నారు."